రాతికి సరిపడా కాటుక

చియాతూరాలో మా స్టూడియో వంతెనకి దిగువన.
పెళ్ళికూతుళ్ళు వస్తారు, పాస్‌పోర్టు వాళ్ళు వస్తారు.
ఆ మంగళవారం వాన. లమారా వచ్చింది.
డెబ్భై ఎనిమిదేళ్ళు. గొడుగు మడిచి మూలకి ఆనించి
"కళ్ళు చెయ్యాలమ్మాయ్," అంది,
"కళ్ళు ఒక్కటే. మిగతా ముఖం చెక్కేవాడు చూసుకుంటాడు."

ఫోటో సమాధిరాయి మీదికి.
రాయి కొండమీద ముందే నిలబడి ఉంది,
ఎడమ సగంలో భర్త వాజా,
గనిలో పోయినప్పటి ముప్పై నాలుగేళ్ళతోనే.
కుడి సగం నలభై నాలుగేళ్ళుగా ఖాళీ.
"ఇలాగే వెళ్ళి పక్కన నిలబడితే
తల్లీకొడుకులనుకుంటారు చూసినవాళ్ళు."
నవ్వింది.
నేను నవ్వాలో వద్దో తెలీక
బ్రష్ కడిగాను, కడిగినదాన్నే మళ్ళీ.

కెమెరా కోసం కంటికి రంగు వేయడమంటే
దొంగకి వాటా ముందే తీసిపెట్టడం.
వేసినదాంట్లో సగం లైటు తినేస్తుంది,
అందుకని రెండింతలు వెయ్యాలి.
మెరిసేది మాత్రం వద్దు, ఫ్లాష్ పడితే
మెరుపు కాస్తా చెమటవుతుంది.
వాలిన రెప్పకి కళ్ళు మూయించి గీత గీయకూడదు,
తెరవగానే అది మడతలోకి జారి దాక్కుంటుంది.
నన్నే చూడమని చెప్పి, తెరిచిన కంటిమీదే
చుక్క పక్కన చుక్క, వెంట్రుకల మొదళ్ళ మధ్య.

పైగా ఇది రాయి.
దానికి నలుపొకటి తెలుసు, నలుపు లేకపోవడమొకటి.
ఊదా, రాగి, గోధుమరంగు డబ్బాలన్నీ మూసేశాను.

రెప్ప కింద నా చిటికెనవేలు ఆనించి ఉండగానే చెప్పింది,
తల కదపకుండా, పెదాలతోనే:
పదిహేడేళ్ళు తీగబండి నడిపిందట,
ఊరి నుంచి గనికి, గని నుంచి ఊరికి,
గాలిలో వేలాడే ఇనప పెట్టె, అందులో పన్నెండు మంది,
వాళ్ళలో ఒకడు రోజూ డబ్బులిచ్చేటప్పుడు
చిల్లర మరిచిపోయేవాడట, కావాలనే.
మాంగనీసు దుమ్ము. ఎంత కడిగినా
రెప్పల అంచుల్లోంచి పోయేది కాదు.
"ఈ ఊళ్ళో కాటుక ఊరికే వచ్చేదమ్మాయ్,
మగవాళ్ళకి కూడా.
వాజా కళ్ళు చూడు ఎప్పుడైనా, గీసినట్టుంటాయి.
గీసింది చెక్కేవాడు కాదు."

అద్దం ఇచ్చాను. చాలాసేపు చూసుకుంది.
"బావుంది. శుభ్రంగా ఉంది."
అది మెచ్చుకోలు కాదని తెలిసేలోపే
బొటనవేలు నాలుకకి అద్దుకుని
కింది రెప్పమీద అరగంట నేను పోగుచేసినదాన్ని
ఒక్క తోపుతో బయటికి తోసేసింది.
ఎడమ కన్ను. తర్వాత కుడి, కొంచెం తక్కువగా.
"ఎడమవైపు కిటికీ అద్దం పగిలిపోయుండేది.
దుమ్ము అటే ఎక్కువ."

నేర్చుకున్నదంతా చేతుల్లోనే ఊరుకుంది.

బద్రి లైటు కాస్త పక్కకి జరిపాడు.
కంటిపాపలో తెల్లచుక్క ఒకటి పడాలి,
అది పడకపోతే ఎంత దిద్దినా
దీపం పెట్టని గదే.
"ఇటు చూడండి" అన్నాడు.
ఆమె అటు చూసింది, తన కుడికి,
పాత తెరలూ విరిగిన స్టాండూ ఉన్న గోడవైపు.
బద్రి నోరు తెరవబోతే మోచేత్తో పొడిచాను.
నొక్కాడు.

డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది, చిల్లరతో సహా.
దూది అందించాను.
"తుడవకు. ఇంకా రొట్టె కొనుక్కోవాలి."
గొడుగు బాగా ముందుకి వంచుకుని,
భుజాలు తడిస్తే తడవనీ అన్నట్టు,
వంతెన ఎక్కింది.

బ్రష్‌లు కడిగితే సింకులో నీళ్ళు నల్లబడ్డాయి.
కింద నది ఎప్పుడూ ఆ రంగే,
ఎవరూ పట్టించుకోరు.
రొట్టెల కొట్లో కుర్రాడు ఆ కళ్ళు చూసి ఏమనుంటాడా అని
దుకాణం మూసేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.