కూర్పు

ఇసామియా బజారులో, మెట్ల కింద మా ప్రెస్సు.
ఎండాకాలం సీసానికి కూడా చెమట పట్టేది.
ఆ ఏడాది పరాంకుశం సారు నిఘంటువు
ఎస్ దాకా వచ్చి ఆగింది.

"సెట్" అన్నాడు సారు
కాగితాల కట్ట బల్ల మీద వేసి.
మూడక్షరాల మాటకు పదకొండు రోజులు పడతాయన్నాడు.
నేను నవ్వాను.
జహంగీర్ భాయ్ నవ్వలేదు.
"ఇంగ్లీషులో పెద్ద మాటలు మంచివి భాయ్,
ఒక్క పని చేసి ఇంటికి పోతాయి.
పరేషాన్ అంతా ఈ చిన్నవాటితోనే."

పెట్టు. ఉంచు. నాటు.
ఉంగరంలో రాయిని పొదుగు.
విరిగిన ఎముకను సరిచెయ్యి.
గడియారాన్ని, ఉచ్చును, ప్రశ్నపత్రాన్ని;
ఒకరి మీదికి కుక్కను.
గట్టిపడు, సిమెంటు లాగ.
అస్తమించు.

అక్కడ నా చెయ్యి ఆగింది.
పొద్దుగూకిందిరా, లోపలికి రా, అనేది మా అమ్మ.
గూకడంలో కూకోవడం ఉందో లేదో
చదువుకున్నవాళ్లు చెప్పాలి. నా చెవికైతే ఉంది.
అంటే ఆ దేశంలోనూ సూర్యుడు
కేసు ముందు మాలాగే
పొద్దంతా నిలబడి నిలబడి
ఆఖరికి కూర్చుంటాడన్నమాట.

బడిపిల్లల కోసమని ప్రతి ప్రయోగం పక్కన
తెలుగులో ఉచ్చారణ కావాలన్నాడు సారు.
నాలుగో రోజుకు కేసులో 'సె' అయిపోయింది.
కోఠీలో వేరే ప్రెస్సుకు సైకిలు తొక్కి
రుమాల్లో మూటగట్టి యాభై 'సె'లు తెచ్చాను.
వాళ్ల 'సె' కొంచెం లావు.
అందుకే ఆ ప్రూఫుల్లో
మాట సగం నుంచి ఒళ్లు చేసినట్టుండేది.

ఏడో రోజు చాయ్ సాసర్లో పోసుకుంటూ సారు,
"ఇది ఒక మాట కాదోయ్, రెండు.
ఒకటి, కూర్చోబెట్టడం లోంచి పుట్టింది.
రెండోది లాటిన్లో పుట్టి ఫ్రెంచి మీదుగా వచ్చింది,
ఒకరి వెంట నడిచే గుంపు అని దాని అర్థం.
ఈ కప్పుల సెట్టు ఆ రెండో తల్లి బిడ్డ.
దారిలో కలిసి, మొహాలు కూడా కలిసిపోయి
ఇప్పుడు ఒకే రేషన్ కార్డు మీద బతుకుతున్నాయి."

"మరి మీ తెలుగులో?" అన్నాడు జహంగీర్ భాయ్.
సారు నోరు తెరిచి, మూసి,
నా చేతిలోని స్టిక్కు వైపు చూశాడు.
"నువ్వేం చేస్తున్నావు?"
"కంపోజింగ్ సార్."
"తెలుగులో చెప్పు."
"అక్షరాలు కూరుస్తున్న."
"ఎట్లా?"
"ఒకదాని పక్కన ఒకటి, కదలకుండా... కూర్చోబెట్టి."

చాయ్ చల్లారింది.
ఆ మధ్యాహ్నం మెట్ల కింద
ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

తొమ్మిదో రోజు గ్యాలీ నా చేతిలోంచి జారింది.
అర్థాలన్నీ నేలమీద
సీసపు నూకలు.
జహంగీర్ భాయ్ మోకాళ్ల మీద వంగి
ఏరడం మొదలుపెట్టాడు:
"సెట్ అయితది లే."
ఆ అర్థం సారు కట్టలో లేదు.
చేర్చండి సార్, అన్నాను.
సారు పెన్సిలు తీసి, కాసేపు చూసి,
మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

నిఘంటువు టి దాకా రాలేదు.
కాగితం కొట్టువాడు పద్దు ఆపేశాడు.
గ్యాలీలు విప్పి
ఎక్కడి అక్షరాన్ని అక్కడ వేశాం.
'సె'లు కొన్ని సెలవు నోటీసులకు పోయాయి,
కొన్ని సెనగపిండి బిల్లులకు.
కోఠీ వాళ్లవి తిరిగి ఇవ్వనే లేదు.

మొన్న నారాయణగూడలో పళ్ల డాక్టరమ్మ
పైదీ కిందదీ బిగించి
అద్దం చేతికిచ్చి అడిగింది,
"సెట్టు సెట్ అయిందా అంకుల్?"
ఇద్దరు తల్లుల బిడ్డలు ఒక్క వాక్యంలో.
నవ్వొచ్చింది. నవ్వితే జారుతుందేమోనని ఆపుకున్నాను.
"ఏదీ, 'సె' అనండి."

అన్నాను.
కొంచెం లావుగా వచ్చింది.