మోకాలి కంచె

ఆశాతాయి సగం మరాఠీల, సగం మన మాటల చెప్పిపోయింది:
దిండు వద్దు, బొంత మొగం మీదికి రావద్దు,
పాలు తాగినంక ఎల్లెలకల పండవెట్టు.
మంచం ఎత్తి గోడకు ఆనించిన. కింద సాప.

ప్రాణహిత గాలి తడక సందుల్ల దూరుతది.
వాని పాదాల కింద నా మోకాళ్ళ మడత,
తల పైన చెయ్యి వంపు.
ఎవరూ నేర్పలే, ఒళ్ళే కంచె కట్టుకున్నది.

వాడు మూలగకముందే రొమ్ము చేపుతది.
కళ్ళు తెరవకనే దొరుకుతం ఒకలికొకలం.

సిరోంచల తునికాకు పైసలొచ్చిన రాత్రి
బానయ్య ఇప్పసారా వాసనతో గడప దాటబోయిండు.
"ఇయ్యాల అరుగు మీద పండు."
"నా కొడుకు గాదా?"
"తెల్లారినంక నీ కొడుకే."

తిట్టుకుంట పోయిండు.
నడిజామున చూస్తే
అరుగు ఖాళీ.
తలుపుకు వీపు ఆనించి, కూసుండే
నిద్రపోయిండు.

లోపల రైక మళ్ళ తడిసింది.