కొసరు

ఇరవై మూడు కిలోలు దిగినప్పుడు
మా కొండవీధంతా చప్పట్లు కొట్టింది.
కుట్టుమిషను ఉల్దా నా గౌన్లన్నిటికీ పక్కలు బిగించి
పైసా పుచ్చుకోలేదు.
డాక్టరమ్మ నా కాగితం పక్కగదిలోకి పట్టుకెళ్ళి
ఎవరికో చూపించి వచ్చింది.
అది ఆరేళ్ళ కిందటి మాట.

ఆ తరువాత ఏమీ జరగలేదు.

ఏమీ జరగకుండా చూసుకోవడమే
అప్పట్నుంచీ నా కొలువు.
జీతం లేదు, ఆదివారం లేదు.
రేవు కార్యాలయంలో ముప్పైనాలుగేళ్ళు ముద్రలు కొట్టినదాన్ని,
ఇంత కష్టం అక్కడ పడలేదు.

వాల్పరాయిసోలో ఇళ్ళన్నీ సముద్రం వైపు తొంగిచూస్తాయి.
మా ఇల్లు మరీ కుతూహలం, కాస్త ఒరిగే చూస్తుంది.
అందుకని స్నానాలగదిలో నా బరువొకటి,
వంటింట్లో ఇంకొకటి,
మధ్యన కిలోంబావు తేడా.
చాన్నాళ్ళు తక్కువ చెప్పిన గదినే నమ్మాను.
ఇప్పుడు నడవాలో పగిలిన నీలం పలక మీద
ప్రతి సోమవారం, కాఫీకి ముందు, కళ్ళద్దాలు పెట్టుకుని.
అబద్ధమైనా సరే
ఒక్కచోటే నిలబడి వినాలి.

దిగిన బరువు ఊరు విడిచి పోదు.
తీరిపోయిన బాకీకి కూడా
మళ్ళీ వచ్చి వాకిట్లో దగ్గే అప్పులవాడిలా
మెట్ల మలుపులో కూర్చుని ఉంటుంది,
నా మోకాలు ఎప్పుడు మాట తప్పుతుందా అని.

నూట అరవై రెండు మెట్లు, రేవు నుంచి మా గుమ్మానికి.
పక్కనే ఇనుపతాళ్ళ మీద మూలుగుతూ పాకే పెట్టె.
దాన్ని నడిపే లౌతారో రోజూ కేకేస్తాడు
'ఎడువిహిస్ గారూ, ఈపూట టికెట్టు నాది!'
చెయ్యూపి మెట్లెక్కుతాను.
ఎప్పుడూ ఎక్కలేదని కాదు.
ఆగస్టు వానల్లో ఎక్కాను, మూడు వారాలు.
నాతోపాటు రెండు కిలోలు
టికెట్టు లేకుండా ఎక్కాయి.
దింపడానికి క్రిస్మస్ దాటింది.
యాభైల్లో అయితే పది రోజుల పని.

రొట్టెల నికనోర్ సంగతి చెప్పలేదు కదూ.
మూడు కొంటే నాలుగోది సంచిలో తనే వేస్తాడు, కొసరు.
వాళ్ళ నాన్న వేసేవాడు, వీడూ వేస్తాడు.
కాదంటే మొహం చిన్నబుచ్చుకుంటాడు.
వేడిది, పెళుసుది, చీలిస్తే ఆవిరి.
దానికీ నాకూ మధ్య నలభై మెట్లు.

నలభయ్యో మెట్టు మీద మారినెరో ఉండేవాడు,
ఏ ఇంటికీ చెందని, అన్ని ఇళ్ళకీ చుట్టమైన కుక్క.
కొసరు వాడికి పెట్టి
ఖాళీ చేతులతో పైకి పోయేదాన్ని.
నా నిగ్రహానికి నేనే మురిసిపోతూ.

పోయిన వసంతంలో వాడు లేచి ఎదురు రాలేదు.
పొట్ట మెట్టుకి ఆనుతోంది.
కుక్కల డాక్టరు పిల్ల కాటా మీద నిలబెట్టి
'దీనికి ఎవరు పెడుతున్నారిలా?' అంది.
నేను పైకప్పు చూశాను.
నేను తినని రొట్టెలన్నీ
రోమాలు మొలిచి
నా వైపే ఆయాసంగా చూస్తున్నాయి.

మర్నాడు నికనోర్‌కి చెప్పేశాను, ఇక వద్దని.
రెండు రోజులు చిల్లర గల్లా మీదకి విసిరాడు.
మూడోరోజు సంచి కట్టి, ముందుకి వంగి
బిషప్పు గారి కట్టుడుపళ్ళు
ప్రసంగం మధ్యలో ఊడిపడ్డ కబురు చెప్పాడు.
అప్పట్నుంచీ రోజుకొకటి.
తూకానికి రాదు కనక తీసుకుంటున్నాను.

డెబ్భైయొకటి నాకు. మారినెరోకి పదో పన్నెండో.
పొద్దున్నే ఇద్దరం దిగుతాం, ఇద్దరం ఎక్కుతాం.
ఈ సోమవారం నేను నిన్నటి అంకె మీదే ఉన్నాను,
అంటే ఆరేళ్ళ కిందటి అంకె మీద.
ఎవరికి చెప్పను?
నలభయ్యో మెట్టు మీద ఆగాం, ఊపిరి కోసం.
కింద రేవులో ఓడ ఒకటి లంగరేస్తోంది.
'అంతే ఉన్నానురా' అన్నాను.
వాడు సముద్రం మీంచి చూపు తిప్పలేదు.
తోక మాత్రం
రెండుసార్లు మెట్టుకి తగిలింది.