ఆరువందల సెకన్లు

పలక పైకెత్తుతాను.
స్టాప్‌వాచ్ నొక్కుతాను.
నల్ల గొట్టంలోంచి చేప బయటికి వచ్చేదాకా
చూస్తూ కూర్చోవడమే నా ఉద్యోగం.

పదిహేడో పెర్చ్ చేపకి నాలుగు సెకన్లు.
నాలుగే.
తలుపు తీయడం ఆలస్యం, వీధిలోకి ఉరికే పిల్లాడిలా వచ్చి
అద్దానికి మూతి ఆనించి నన్నే చూసింది.
ఒంటి మీద చారలు, ఎర్ర రెక్కలు, ఒకటే పొగరు.
వీపు రెక్క కింద పసుపు దారం కుట్టాను.

నలభై ఒకటి రాలేదు.
అదే సరస్సు, అదే వయసు,
తూకంలో రెండు గ్రాముల తేడా.
గొట్టం అంచున ఒక కన్ను మటుకు కనిపించి
మళ్ళీ చీకట్లోకి జారుకుంది.
ఆరువందల సెకన్లకి వాచీ ఆగుతుంది.
అంతకు మించిన బెరుక్కి
మా పట్టికలో గడి లేదు.
ఆరువందలు అని రాసి
తెల్లదారం కుట్టాను.

చిన్నప్పుడు సౌనా గదిలోంచి హిల్క్క అక్క
పొగలు కక్కుతూ పరిగెత్తి నీళ్ళలో దూకేది.
నేను తువ్వాలు చుట్టుకుని చెక్కవంతెన చివర
అడుగున రాళ్ళు లెక్కపెడుతూ నిలబడేదాన్ని.
ఎన్ని రాళ్ళో ఇప్పటికీ చెప్పగలను.

ఈ సరస్సు మంచుకి బెజ్జం వేసుకుని
మా నాన్న రైమో యాభై చలికాలాలు కూర్చున్నాడు.
"చేపలు అయిపోయాయే" అంటాడు.
అయిపోలేదు నాన్నా,
నీ గాలానికి ఎదురొచ్చేవి వచ్చేశాయి.
రానివి గుడ్లు పెట్టాయి.
ఆ పిల్లలూ రానివే.
ఆయన కాఫీ ఊదుకుంటూ కాసేపు ఆలోచించి
"అంటే యాభై ఏళ్ళుగా
పిరికివాళ్ళకి బడి నడిపానంటావు" అన్నాడు.

సెప్టెంబరులో అన్నిటినీ సరస్సులో వదిలేశాం.
మార్చిలో నాన్న పాత పేపర్లో చుట్టి ఒకటి తెచ్చాడు.
"బెజ్జం వేసీ వేయకముందే కరిచింది, మంచి చేప."
రెక్క కింద పసుపు దారం.
రై పిండి అద్ది వెన్నలో వేయించాడు.
తిన్నాను. రుచిగానే ఉంది.
దారం కడిగి అగ్గిపెట్టెలో దాచాను,
పట్టికలో పదిహేడుకి ఎదురుగా తేదీ వేశాను.

ఆ పట్టికలో నేను రాయనిది ఒకటుంది.

నలభై ఒకటి రాని రోజున
దీపాలార్పి, తాళం వేసి, సగం దారి వెళ్ళాక
చేతితొడుగులు మరిచానని వెనక్కి వచ్చాను.
కిటికీలోంచి పడే మంచు వెలుతురులో
తొట్టి నట్టనడుమ అది ఈదుతోంది.
తొందరేం లేదు.
ఒక్కో గులకరాయినీ మూతితో తాకి చూసుకుంటూ,
మూలమూలకీ వెళ్ళి తిరిగొస్తూ,
ఎంతసేపటి నుంచో ఏమో.

వాచీ నా జేబులోనే ఉంది.

తొడుగులు తీసుకోకుండానే
తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి
చేతులు చంకల్లో పెట్టుకుని
ఇంటికి నడిచాను.