అక్షరానికి పదిహేను

బోర్డు దింపమన్నారు, దింపాను.
ఇప్పుడది సైకిల్ స్టాండులో వెల్లకిలా పడి ఉంది.
దాని మీద ఒక కోడి నడుస్తోంది.

గుణుపురం నుంచి నాలుగు మైళ్ళు, వంశధార గట్టు దిగితే
కుంజబిహారి ఉన్నత పాఠశాల.
ఒడియాలో అయిదక్షరాలు, తెలుగులో అయిదు,
ఇంగ్లీషులో పదకొండు.
అక్షరానికి పదిహేను చొప్పున
ఆ పేరొక్కటే నాకు మూడు వందల పదిహేను రూపాయలు,
వానలు చెరిపినప్పుడల్లా.
అందుకే నా మాట పూర్తిగా నమ్మకండి.

మీటింగు ఎనిమిదో తరగతి గదిలో.
పిల్లల బెంచీల్లో మోకాళ్ళు పట్టక
పెద్దలంతా పక్కకి తిరిగి కూర్చున్నారు.
స్టాంపు వెండరు బెండి లచ్చుమూర్తిగారు లేచి
"భూమిచ్చినవాడి పేరు తీసేస్తే
భూమి తిరిగిచ్చేస్తారా?" అన్నారు.
మూడెకరాల పదహారు సెంట్లు. దస్తావేజు తెచ్చారు కూడా.
వెనక బెంచీ నుంచి ఎవరో,
"ఆ ముఠాదారుకి ఎవరిచ్చారో
ఆ కాయితం కూడా చదవండి."

ఆ కాయితం లేదు.
చింతచెట్టుంది, ఆఫీసు గది వెనకాల.
తాడు ఒరుసుకున్న చోట బెరడు ఇంకా నున్నగానే ఉంటుంది.
శిస్తు కట్టని సవరల్ని దానికి కట్టించేవాడని
మా అయ్య చెప్పేవాడు.
కలరా ఏడు గాదెలు తెరిపించింది కూడా ఆయనేనని
అదే నోటితో, అదే చుట్ట తీసి చెప్పేవాడు.
రెండూ ఒకే రోజున మాత్రం
ఎప్పుడూ చెప్పలేదు.

నేనా? ఏడు దాకా ఇక్కడే.
"కుం"లో సున్నా గుండ్రంగా వచ్చేదాకా
ఆ బోర్డు కింద కూర్చుని నేల మీద బొగ్గుతో దిద్దాను.
నా బువ్వ ఆ సున్నాలోంచే వచ్చింది.

పాత సర్టిఫికెట్ల సంగతేమిటన్నారు మహాపాత్రో మాస్టారు.
ఎవరో పువ్వు పేరు పెడదామన్నారు.
ఎవరో వాళ్ళ మావయ్య పేరన్నారు, నవ్వులు.
అప్పుడు కుర్రాళ్ళు లేచారు:
ఈ గోడలకి వెట్టిగా రాళ్ళు మోసి
రాయి కిందే పోయిన సవర సొంబరు పేరు పెట్టాలని.
సొం, బ, రు.
ఒక్కో లిపిలో మూడేసి, ఇంగ్లీషులో ఇంకొంచెం.
లెక్క కట్టాను.
సిగ్గేసింది, అయినా లెక్క పూర్తి చేశాను.

అందరూ సుక్రి వైపు తిరిగారు. వార్డు మెంబరు, సొంబరు మనవరాలు.
"మా తాత పేరు మీ రేకు ముక్కకేటికి?
సచ్చినోడి పేరు మావోళ్ళు గుంటడికి పెడతారు.
పెట్టీసినాం. ఆరో తరగతి. రోజూ ఈడికే వస్తన్నాడు.
మీ హాజరు పట్టీలో సూసుకోండి.
నేల మీద కూకుంటన్నాడు, ముందు బెంచీ ఏయండి."

పట్టీ తెప్పించారు.
మాస్టారు వేలితో పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి.
సొంబరు లేడు.
పదిహేడో నంబరులో సోమనాథ్ సబర ఉన్నాడు.
మూల నిలబడ్డ గుమస్తా నెమ్మదిగా,
"బాగుంటుందని నేనే మార్చి వేశానండీ" అన్నాడు.

ఫ్యాను తిరుగుతోంది.
సుక్రి ఏమీ అనలేదు. కొంగు దులుపుకుని లేచింది.

బోర్డు సంగతి వచ్చే నెలకి వాయిదా.
పట్టీలో పేరు దిద్దాలంటే అఫిడవిట్ కావాలట.
మర్నాడు సుక్రి లచ్చుమూర్తిగారి అరుగు మీద కనిపించింది,
ఇరవై రూపాయల స్టాంపు కాయితం కోసం.
ఆయన డబ్బు తీసుకున్నారో లేదో
నేను చూడలేదు.

బస్సు కండక్టరు మాత్రం ఇంకా
"కుంజబిహారి, కుంజబిహారి, దిగాలి" అంటున్నాడు.

ఈ పొద్దున కోడిని తోలి, బోర్డుకి తెల్లరంగు వేశాను.
బెల్లు కొట్టకముందు ఒక గుంటడు వచ్చి
"ఏటి రాస్తావు?" అన్నాడు.
ఇంకా చెప్పలేదన్నాను.
ఆరిందో లేదో అని వేలు పెట్టి చూశాడు.
వేలు ముద్ర పడింది.
నిక్కరుకి తుడుచుకుని పరుగెత్తాడు.
పేరు అడుగుదామనుకున్నాను, ఏ పేరు చెబుతాడోనని అడగలేదు.

రెండో కోటు వేస్తే ఆ ముద్ర పోతుంది.
రంగు ఇంకా అరడబ్బా ఉంది.