రేటు చెప్పి నోరు మూసుకో

గుంతకల్లులో స్టేషన్ వెనక వీధి.
కింద మస్తానన్న మోటారు వైండింగ్ షాపు,
పైన రేకుల గదిలో నేనూ, నా చెవులూ.

నా పని వినడం.
సినిమాల్లో ఎవురెవురో మాట్లాడింది చెవిలో పోసుకొని
వినపడనోళ్ళ కోసం తెర కింద అక్షరాలుగా పేర్చడం.
వరుసకు రెండు సెకండ్లు.
అంతలోనే ఏడ్చెయ్యాల, తలుపు తెరుచుకోవాల, కుక్క మొరగాల.
నిమిషానికింత అని లెక్క.

మొదటి బిల్లుకు ఒకటో నంబరు వేస్తే
నిన్న పుట్టిన బిడ్డ మాదిరి కనిపిచ్చింది.
సిగ్గేసి నూట ఒకటి అని మార్చినా.
ఆ డబ్బు ఈ పొద్దుకీ రాలేదు.
ఆ సినిమాలో చచ్చిపోయేవాడి ఆఖరి మాట మాత్రం గుర్తుంది:
"నీ బాకీ తీరిపోయిందనుకో."
రాసింది నేనే.

బ్యాంకులో శాలరీ స్లిప్పు అడిగినారు.
బాడుగిల్లు చూపిచ్చినాయన "సారు యాడ చేస్తారమ్మా?" అన్నాడు.
సారు లేడు, నేనే అన్నా.
తాళంచెవి మళ్ళీ ఆయన జేబులోకి పోయింది.
రైల్వే ఊరు ఇది.
ఇక్కడ పనంటే పాసు, క్వార్టరు, ఒకటో తారీకు.
నాకు ఒక్కో నెలలో మూడు ఒకటో తారీకులొస్తాయి,
తర్వాత రెండు నెలలు ఒక్కటీ రాదు.

ఒకనాడు మెట్ల మీద కూచొని ఫోన్లో
"మీరెంతిచ్చినా సరే సార్, సర్దుకుంటా" అంటాంటే
కింద రాగితీగ చుట్టే చప్పుడు ఆగిపోయింది.
కాలిపోయిన మోటారుతో ఒక రైతు నిలబడినాడు.
మస్తానన్న దాన్ని తట్టినాడు, వాసన చూసినాడు,
ఒక అంకె చెప్పినాడు.
చెప్పి గమ్మునైనాడు.
రైతు పోయినేడు రేటు చెప్పినాడు, చెనిక్కాయ ధర చెప్పినాడు,
మామ ఆపరేషన్ చెప్పినాడు.
మస్తానన్న వార్నిష్ డబ్బా మూత తిప్పుతానే ఉండాడు.
ఒక గూడ్సుబండి మొత్తం పోయింది,
యాభై ఎనిమిది పెట్టెలు, నేను లెక్కపెట్టినా.
"సరేలే" అన్నాడు రైతు.

"కుళ్లాయమ్మా, రేటు చెప్పినాక
ఎవురు ముందు నోరు తెరిస్తే వాళ్ళే తగ్గుతారు.
చెప్పి నోరు మూసుకో."
మళ్ళీ తీగ అందుకొని,
"నువ్వు చుట్టింది ఏడాది లోపల కాలితే మాత్రం
దుడ్లడక్కుండా మళ్ళీ చుట్టు."

మూడు రోజులకు చెన్నై నుంచి ఫోను.
రెట్టింపు చెప్పినా.
ఇన్నేళ్ళు వినడమే పనైనా
నిశ్శబ్దం అంత పొడుగుంటాదని అప్పుడే తెలిసింది.
"చూసి చెప్తాం" అని పెట్టేసినారు.
పదకొండు రోజులు మస్తానన్నను తిట్టుకుంటా
ఉగ్గాని ఒక పూటే తిన్నా.
పన్నెండోనాడు మెయిలు:
తక్కువకు చేసినోళ్ళెవురో
మన సీమ ముసలామె "చెనిగిత్తనాలు" అంటే
"చెడిన దినాలు" అని రాసినారంట,
అట్లాంటివి రెండొందలంట,
మీ రేటుకే చేసిస్తారా అని.

మొబ్బుల లేచి మొదలుపెట్టినా.
ఆ ముసలామె మాట వింటాంటే
ఎన్నాళ్ళుగానో నేను "యాడ"ను చెరిపి "ఎక్కడ" అని రాసిన
వరుసలన్నీ గుర్తొచ్చినాయి.
ఆ పొద్దు ఒక్కటీ చెరపలేదు.

ఇప్పుడు బిల్లు నంబరు నాలుగొందలు దాటింది,
ముందు చెప్పిన ఆ నూరు తీసేసి చూసుకోండి.
మంచి నెలలో కొంత ఇత్తనాల కింద పక్కకు పోతాది,
దాన్ని పస్తున్నా ముట్టను. రెండుసార్లు ముట్టినా.

నిన్న పత్తికొండ నుంచి ఒక పిల్ల వచ్చింది,
రహంతున్నీసా, చెవి మంచిది.
నిమిషానికెంత కావాల అన్నా.
"మీరెంతిచ్చినా సరే అక్కా."

అట్లగాదు, అంకె చెప్పు అన్నా.

కింద తీగ చుట్టే చప్పుడు ఆగింది.
ఆ పిల్ల గోడ చూసింది, చెప్పులు చూసింది.
నేను నోరు మూసుకున్నా.
దూరంగా గూడ్సుబండి ఏదో
ఔటర్లో నిలబడి కూత పెడతాంది.