లోడ్ చార్ట్

రాసల్‌ఖైమాల పదకొండేండ్ల సంది క్రేన్ నడుపుతున్న.
ఎంత దూరానికి ఎంత బరువు లేపాలెనో
అద్దానికి అతికిచ్చిన చార్ట్ చూడకుంటనే చెప్త.
నా బరువే ఎన్నడు చూసుకోలే,
సేఫ్టీ బెల్ట్ బకిల్
జానెడు దూరంల ఆగిపోయిన పొద్దుదాక.

నూట నలభై రెండు.
సేఫ్టీ ఆఫీసర్ నవ్వలే.
నవ్వినా బాగుండు.

"కడుపు కోయించుకుంటవా?
తినుడు తక్కువ చేస్తె కాదా?"
ఫోన్ల గంగామణి.
తక్కువ చేసిన. ఆరేండ్లు తక్కువ చేసిన.
రాత్రి రెండుగొట్టంగ
చీకట్ల ఖుబ్బూస్ చింపిన సప్పుడు
కింది మంచం భూమేశ్‌ను అడుగు.
షుగర్ సంగతి చెప్పిన.
అప్పు సంగతి చెప్పలే.

ఇప్పుడు కడుపు అరటిపండంత.
మందుమూతతోటి నీళ్లు,
ఒక్క గుక్క, మల్ల ఆగుడు.
ఒకనాడు చెంచెడు ఎక్కువైతె
బాత్రూం గోడ పట్టుకొని ఏడ్సిన.
భూమేశ్ పప్పుకట్టు గుడ్డల వడవోసి
ఉప్పు సరిపోయిందా అంటడు.
నోరు మొత్తం గిన్నె అడుగుతది.
నాలుకకు ఎవ్వలు చెప్పలే, కోసిన ముచ్చట.

ఆరో వారం రంజాన్.
పొద్దుగూకంగ డ్రైవర్ షేర్‌జమాన్
ఖర్జూరం గింజ తీసి సగం చేసిండు.
పొద్దంత పస్తున్న మనిషి,
నా సగం అయిపోయేదాక
తన సగం నములుతనే ఉన్నడు.

సైట్ గేటుకాడ నిలవడి చూస్తున్న.
నా సీట్ల ఎవడో కొత్త పిలగాడు.
హుక్కు ఊగుతున్నది, ఆగుతలేడు.
జేబుల సీసా తీసి ఒక్క గుక్క.
తొందరేంది పిలగా,
గాలి తగ్గనియ్యి.